ఉమ్మడి కంప్యూటర్‌లో సొంత అర

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, పంపులు, నట్లు బోల్టులు అమ్మే దుకాణాల్లో గల్లా పక్కన ఒక కంప్యూటర్ తప్పకుండా కనిపిస్తుంది. పొద్దున షట్టర్ లేపగానే దాన్ని ఆన్ చేసేది పని కుర్రాడు. పదకొండు దాటాక బిల్లులు కొట్టేది సేల్స్ మనిషి. వారానికి మూడు సాయంత్రాలు వచ్చి జీఎస్టీ లెక్కలు సరిచూసేది పార్ట్‌టైమ్ అకౌంటెంట్. దుకాణం కట్టేముందు ఆ రోజు అమ్మకం ఎంతయిందో చూసుకునేది యజమాని. మనుషులు నలుగురు, లాగిన్ ఒక్కటే. పాస్‌వర్డ్ మానిటర్ అంచున చీటీ మీద అంటించి ఉంటుంది, లేదా అసలు ఉండదు.

ఏదో ఒక రోజు యజమానికి ఓ కోరిక పుడుతుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ తనకూ అకౌంటెంట్‌కూ మాత్రమే తెరుచుకోవాలి, మిగతావాళ్ళ కంట పడకూడదు. సిస్టమ్ బాగుచేసే కుర్రాడిని పిలిపిస్తాడు. అతను రెండు నిమిషాలు మౌస్ కదిపి, "ఐకాన్ తీసేసిన సేఠ్, ఇంక ఎవరికీ కనపడదు" అంటాడు. యజమాని నమ్ముతాడు. కనపడకపోవడం వేరు, తెరుచుకోకపోవడం వేరు అని ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పి ఉండరు. స్టార్ట్ మెనూలో పేరులో నాలుగు అక్షరాలు కొడితే ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎదుటికొచ్చి నిలబడుతుంది.

పలువురు వాడే కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌ను ఒక్కరి అకౌంట్‌కే పరిమితం చేయడం ఎలా అన్న ప్రశ్న చిన్నదిగా వినిపిస్తుంది గానీ, అడిగే ప్రతివాడి మనసులో ఉన్నది ఒకటే కాదు. ఒకరికి ఆ ప్రోగ్రాం ఇతరులకు కనపడకపోతే చాలు. ఇంకొకరికి దాన్ని ఇతరులు నడపకూడదు. మరొకరికి ప్రోగ్రాం ఎవరు నడిపినా ఫరవాలేదు, దానిలోని లెక్కలు మాత్రం చూడకూడదు. వీటికి మందు ఒకటే అనుకోవడం దగ్గరే చాలా దుకాణాలు, చాలా ఇళ్ళు దెబ్బతింటున్నాయి.

ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవడం కంప్యూటర్‌కు పుట్టుకతో వచ్చిన సంగతి. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను చూపించింది. ఒకే పెద్ద యంత్రం మీద పలువురు ఒకేసారి పనిచేసుకునే ఏర్పాటు అది. ఎవరి ఫైళ్ళు వారికే ఉండాలని ఒక్కొక్కరికీ ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. మరుసటి ఏడాదే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక, పాస్‌వర్డ్‌ల ఫైలును ప్రింటు తీయించుకుని ఇతరుల లాగిన్‌లతో పని కానిచ్చాడు. తాళం పుట్టిన ఏడాదిలోపే మారుతాళం పుట్టింది. ఆ తర్వాత 1969లో మొదలైన యూనిక్స్ ప్రతి ఫైలుకూ ఒక యజమానిని, ఒక గుంపును, మిగతా లోకాన్ని వేరుచేసి రాసుకుంది. ఇప్పటి లైనక్స్, ఆపిల్ మ్యాక్, ఆండ్రాయిడ్ ఫోను అన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఇళ్ళకు, దుకాణాలకు వచ్చిన పర్సనల్ కంప్యూటర్ మాత్రం ఈ నేర్పును మధ్యలో వదిలేసింది. పేరులోనే ఉంది, ఒక్కరిదని. విండోస్ 95, 98లలో లాగిన్ పెట్టె వచ్చేది. పాస్‌వర్డ్ తెలియకపోతే ఎస్కేప్ మీట నొక్కి లోపలికి వెళ్ళిపోవచ్చు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఇంటి కంప్యూటర్‌కు కూడా అసలైన అకౌంట్లు తెచ్చింది, కానీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించిన పేర్లన్నిటికీ అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చేసింది. అందరూ యజమానులే అయిన ఇంట్లో బీరువా తాళానికి విలువేముంటుంది? 2007లో విస్టా వచ్చి, ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే తెర మసకబార్చి అనుమతి అడగడం మొదలుపెట్టింది. అప్పట్లో జనం దాన్ని విసుక్కున్నారు గానీ, అడ్మిన్ పని వేరు, రోజువారీ పని వేరు అన్న గీతను మామూలు మనిషి ముందు మొదటిసారి గీసింది అదే.

సికింద్రాబాద్‌కు ఈ విషయంలో తనదైన పాఠం ఒకటుంది. అది ఏ దుకాణంలోనూ లేదు, రైలు టికెట్ కౌంటర్‌లో ఉంది. 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అందరూ క్రిస్ అని పిలిచే సంస్థ, దేశమంతటికీ ఒకే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి దానికి కాన్సర్ట్ అని పేరు పెట్టింది. 1994లో దాన్ని మొదట నడిపింది సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అనే ఐదు కేంద్రాలూ 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ తర్వాతే సికింద్రాబాద్ కౌంటర్ ముందు నిలబడి హౌరా నుంచి ఢిల్లీకి టికెట్ తీసుకోవడం మామూలు సంగతయింది.

అక్కడ వందల మంది గుమాస్తాలు పంచుకున్నది ఒకే పెద్ద కంప్యూటర్. ప్రతి గుమాస్తాకూ సొంత ఐడీ. ఆ ఐడీతో లోపలికి వెళితే కనిపించేది బుకింగ్ తెర ఒక్కటే. దాన్ని దాటి కంప్యూటర్ లోపలి భాగాల్లోకి చూసే దారి అతనికి లేదు. డ్యూటీ దిగేటప్పుడు గల్లాలో డబ్బు ఆ ఐడీ మీద పడిన టికెట్లతో సరిపోవాలి. దుకాణదారుడు ఆలోచించేది ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరి దగ్గర్నుంచి దాచాలా అని. రైల్వే దాన్ని తిరగేసి, ఈ మనిషికి ఏ పని అప్పగించామో ఆ పనికి కావలసింది మాత్రం ఇద్దాం అంది. జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ 1975లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలోని సూత్రం ఇదే: ఎవరికైనా పని జరగడానికి చాలినంత అధికారమే ఉండాలి. పార్శిల్ ఆఫీసు గుమాస్తాకు టికెట్ తెర దాచనక్కర్లేదు, అతనికి ఇవ్వకపోతే చాలు.

ఇక మామూలు విండోస్ కంప్యూటర్‌కు వద్దాం. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు చాలా సెటప్‌లు ఒక ప్రశ్న అడుగుతాయి: ఈ కంప్యూటర్ వాడే అందరికీనా, నీ ఒక్కడికేనా? తొందరలో అందరూ నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుతూ పోయే చోట ఇది దాటిపోతుంది. అందరికీ అంటే ప్రోగ్రాం సి డ్రైవ్‌లోని ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. దాని ఐకాన్ ప్రతి ఒక్కరి డెస్క్‌టాప్ మీదా వాలుతుంది. ఒక్కడికే అంటే ఆ మనిషి సొంత ఫోల్డర్ లోపల, యాప్‌డేటా అనే దాగిన గదిలోకి వెళుతుంది. 2008లో వచ్చిన గూగుల్ క్రోమ్ ఈ దారిని జనానికి అలవాటు చేసింది. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకుండానే అది ఎక్కేది, ఎక్కించుకున్న మనిషికే కనిపించేది. ఆఫీసుల్లో సిస్టమ్ చూసుకునేవాళ్ళు అప్పట్లో దీనికి ఉలిక్కిపడ్డారు, తాము వేయని సాఫ్ట్‌వేర్ తమ యంత్రాల మీద నడుస్తోందని.

ఒక్కరికే అన్న ఎంపిక ఉన్న సాఫ్ట్‌వేర్‌తో పని తేలిక. మిగిలిన వాళ్ళవి మామూలు అకౌంట్లయితే వాళ్ళు ఆ ఫోల్డర్‌లోకి తొంగిచూడలేరు. వాళ్ళలో ఒక్కడికి అడ్మిన్ హోదా ఉన్నా ఆ గోడ కాగితం గోడే.

ఆ ఎంపిక లేని సాఫ్ట్‌వేర్ ప్రోగ్రాం ఫైల్స్‌లోకే వెళుతుంది. అప్పుడు చేయవలసింది ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి అనుమతులు మార్చడం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. జాబితాలో యూజర్స్ అన్న గుంపు కనిపిస్తుంది. దానికి ఎదురుగా డినై గడిలో టిక్ పెట్టి ఓకే అంటారు. మరుక్షణం యజమానికే ప్రోగ్రాం తెరుచుకోదు. ఎందుకంటే లాగిన్ అయిన ప్రతివాడూ, అడ్మిన్‌తో సహా, యూజర్స్ గుంపులో ఉంటాడు; నిరాకరణ అనుమతిని తోసిపుచ్చుతుంది. సరైన పద్ధతి వేరు. పై ఫోల్డర్ నుంచి వారసత్వంగా వచ్చే అనుమతులను ముందు తెంపాలి. యూజర్స్ అన్న వరుసను జాబితా నుంచి తీసేయాలి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ వరుసలను అలాగే ఉంచి, యజమాని పేరు, అకౌంటెంట్ పేరు విడిగా చేర్చాలి. గేటు దగ్గర కొందరిని ఆపడానికి మనిషిని పెట్టడం కాదు ఇది, తాళంచెవులు ఇద్దరికే చేయించడం. లైనక్స్‌లో ఇదే పని ఇంకా తేలిక: ఒక గుంపు సృష్టించి, ఇద్దరిని అందులో వేసి, ప్రోగ్రాం ఫోల్డర్‌ను ఆ గుంపుకు అప్పగించి, అనుమతి సంఖ్య 750 అని పెడితే యజమానికి సర్వాధికారం, గుంపుకు చదివి నడిపే హక్కు, మిగతా వాళ్ళకు సున్నా.

ఇంత చేసినా కాపాడబడింది ఆ కంప్యూటర్‌లో ఉన్న ఆ ఒక్క కాపీ మాత్రమే. అదే ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అక్కర్లేని రూపంలో పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఎవరైనా పెట్టి నడుపుకోవచ్చు. దాన్ని కూడా ఆపాలంటే ఏవి నడవాలో జాబితా రాసి, మిగతావన్నీ నిలిపేయాలి. విండోస్ 7తో 2009లో వచ్చిన యాప్‌లాకర్ చేసే పని అదే. ఫలానా గుంపు ఫలానా కంపెనీ సంతకం ఉన్న ప్రోగ్రాంలనే నడపగలదని నియమం రాయవచ్చు. మొదట ఖరీదైన ఎడిషన్లకే ఇచ్చారు గానీ తర్వాత ఆ ఆంక్ష సడలింది. పెద్ద ఆఫీసుకు ఇది తప్పనిసరి. నలుగురు మనుషుల దుకాణానికి మాత్రం ఇంత బరువు మోపడం అనవసరం. నియమం ఒకటి తప్పుగా రాస్తే జీఎస్టీ రిటర్న్ ఆఖరి రోజున ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది.

అసలు ఆ దుకాణంలో కాపాడుకోవలసింది ప్రోగ్రామా? ట్యాలీనే తీసుకుందాం. 1986లో బెంగళూరులో పుట్టిన కంపెనీది. మన చిట్టా, ఆవర్జాల స్థానంలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్‌లలో దీనంత పేరు మరొకదానికి లేదు. ట్యాలీప్రైమ్ ఎక్కించి ఏమీ మార్చకుండా వదిలేస్తే లెక్కల ఫైళ్ళు యూజర్స్ ఫోల్డర్ లోపల పబ్లిక్ అనే ఫోల్డర్‌లోకి వెళతాయి. ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఆ కంప్యూటర్‌లో అకౌంట్ ఉన్న ప్రతి ఒక్కరూ తెరవగలిగే చోటు అది. ప్రోగ్రాంకు ఎంత గట్టి తాళం వేసినా, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఇంట్లో మరో ట్యాలీలో తెరుచుకోవచ్చు.

కొందరు జాగ్రత్తపరులు డేటాను డి డ్రైవ్‌కు మారుస్తారు. మన దగ్గర డిస్కును సి, డి, ఇ అని ముక్కలు చేయించడం పాత అలవాటు, ఫార్మాట్ కొట్టిస్తే సి ఒక్కటే పోతుందని. ఆ ధీమా న్యాయమే. కానీ విండోస్ డి డ్రైవ్‌కు మామూలుగా ఇచ్చే అనుమతుల ప్రకారం లాగిన్ అయిన ఎవరైనా అక్కడి ఫైళ్ళను మార్చవచ్చు, చెరపవచ్చు. పనిచేసే మందు సాఫ్ట్‌వేర్ లోపలే ఉంది: ట్యాలీలో కంపెనీకి యూజర్లను సృష్టించి ఎవరికి ఏ తెర కనిపించాలో నిర్ణయించవచ్చు, ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెడితే డేటాయే రహస్యలిపిలోకి మారిపోయి, కాపీ తీసుకుపోయినవాడికి పనికిరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీ చట్టం కిందికి వచ్చే సంస్థలు ఏ పద్దును ఎప్పుడు మార్చారో చెరపకుండా నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్న నియమం వచ్చింది. నలుగురూ ఒకే పేరుతో లోపలికి వెళ్ళే చోట ఆ నమోదులో కనిపించేదీ ఒకే పేరు. పద్దు దిద్దింది ఎవరో తేలక, ఏ పాపం ఎరుగని గుమాస్తా మీద అనుమానం వాలుతుంది. వేరు లాగిన్ యజమాని సొత్తును కాపాడినంతగా నౌకరు పరువునూ కాపాడుతుంది. ఈ రెండో మాట దుకాణాల్లో ఎవరూ అనుకోరు, అనుకోవాలి.

పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లలో ఈ కథ తిరగబడుతుంది. అక్కడ అనుకోకుండా ఒక్క అకౌంట్‌కే పరిమితమై పోవడమే సమస్య. తెలుగు డీటీపీలో ఇప్పటికీ అను ఫాంట్లు, 2001 నాటి పేజ్‌మేకర్ 7 నడుస్తున్న చోట్లున్నాయి. ఆ పాత ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఒకప్పుడు ఫాంట్ ఎక్కించాలంటే అడ్మిన్ కావాలి, ఎక్కితే అందరికీ ఎక్కేది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ ఆ పద్ధతి మార్చింది. ఇప్పుడు మామూలుగా ఇన్‌స్టాల్ అంటే ఫాంట్ ఆ ఒక్క మనిషి ఫోల్డర్‌లోకే వెళుతుంది. అందరికీ కావాలంటే వేరే వరుస నొక్కాలి. పగటి ఆపరేటర్ తన లాగిన్‌లో కంపోజ్ చేసిన శుభలేఖను రాత్రి ఆపరేటర్ తన లాగిన్‌లో తెరుస్తాడు. వధూవరుల పేర్ల చోట ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, టోపీ గుర్తుల గజిబిజి. ఫైలు పాడయిందనుకుని మొత్తం మళ్ళీ టైపు చేసేవాళ్ళున్నారు. పాడయింది ఏమీ లేదు, ఫాంట్ పక్కవాడి అరలో ఉంది.

బడుల అనుభవం ఇంకో తరహాది. 2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు 5,000 ఉన్నత పాఠశాలల్లో ఎన్‌కంప్యూటింగ్ పరికరాలతో ల్యాబులు పెట్టించింది. ఒక కంప్యూటర్‌కు కొన్ని చిన్న పెట్టెలు తగిలించి, ఒక్కొక్క పెట్టెకూ మానిటర్, కీబోర్డు ఇస్తే పిల్లలంతా ఒకే యంత్రాన్ని ఒకేసారి వాడుకునేవారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి తెర చూపించిన ఈ ఆలోచన మంచిదే. అలాంటి యంత్రంలో ఒక్క సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అన్ని తెరల మీదా ఉంటుంది, ఒకటి మొరాయిస్తే అన్ని తెరలూ ఆగిపోతాయి. పిల్లలందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ కావలసిన బడికి అది సరిపోతుంది. పరిమితం చేయవలసింది టీచరు మార్కుల ఫైలు ఒక్కటే.

ఇంటర్నెట్ సెంటర్ల మీద 2011 ఏప్రిల్‌లో కేంద్రం నియమాలు తెచ్చింది. గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో ఏడాదిపాటు దాచాలి, క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. గోడ ఎత్తును అంత కచ్చితంగా కొలిచారు, కానీ ఆ నెట్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో ఇవాళ మనుషుల బతుకులు పోగుపడి ఉన్నది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపుకైనా రోజంతా ఈ-ఆధార్ ప్రింట్ల కోసం జనం వస్తూనే ఉంటారు. ఫైలు దిగుతుంది, ప్రింటు వస్తుంది, మనిషి వెళ్ళిపోతాడు, ఫైలు మిగులుతుంది. దాని పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనే పడేసిన చెడిపోయిన ప్రింటు మీద ఉంటాయి. ఇలాంటి షాపుకు సాఫ్ట్‌వేర్ దాచే తాళాలు అక్కరకు రావు. కస్టమర్ల కోసం విడిగా ఒక గెస్ట్ తరహా అకౌంట్, లేదా డీప్ ఫ్రీజ్ లాంటి ఏర్పాటుతో మళ్ళీ ఆన్ చేయగానే మొదటి స్థితికి వచ్చే యంత్రం కావాలి. మైక్రోసాఫ్ట్ ఇదే పనికి స్టెడీస్టేట్ అనే ఉచిత సాధనం ఇచ్చి, 2010తో ఆపేసింది. చిన్న షాపులకు అది నిజమైన నష్టం.

ఆధార్ నమోదు కేంద్రాల్లో మాత్రం తాళం విండోస్ అకౌంట్‌ను దాటి మనిషి దాకా వెళ్ళింది. ఆపరేటర్ తన వేలిముద్రతో సరే అంటేనే నమోదు ముందుకు కదులుతుంది. ఫోన్లు ఇంకో మలుపు తీసుకున్నాయి. యూనిక్స్‌లో ఒక్కో మనిషికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యను ఆండ్రాయిడ్ ఒక్కో యాప్‌కు ఇచ్చింది. మనుషుల మధ్య ఉన్న గోడను యాప్‌ల మధ్య కట్టింది. ఒకే పరికరాన్ని పలువురు పంచుకునే ఏర్పాటు కూడా 2012 నుంచి ట్యాబ్లెట్లలో, ఆ తర్వాత ఫోన్లలో వచ్చింది. అయినా 2020లో బడులు మూతపడి, సెప్టెంబర్ 1న తెలంగాణలో టీవీ, ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు తండ్రి ఫోను ఇంట్లో ముగ్గురు పిల్లల చేతులు మారింది. దానిలో వేరు యూజర్ పెట్టవచ్చన్న సంగతి చాలా ఇళ్ళకు తెలియదు.

ఇన్ని దారులు చూశాక దుకాణానికి, ఇంటికి పనికొచ్చే వరుస ఒకటి తేలుతుంది. ముందు ఒక్కో మనిషికి ఒక్కో లాగిన్, అదీ మామూలు హోదాతో. అడ్మిన్ అకౌంట్ విడిగా, సాఫ్ట్‌వేర్ ఎక్కించే రోజున తప్ప వాడకుండా. తర్వాత డేటా ఎక్కడుందో కనుక్కుని, ఆ ఫోల్డర్‌కు పేర్లతో అనుమతులు, వీలైతే సాఫ్ట్‌వేర్ సొంత పాస్‌వర్డ్. ప్రోగ్రాంకు తాళం ఆ తర్వాతి మాట. ఐకాన్ తీసేయడం ఆఖరున, తెర శుభ్రంగా ఉండడానికి మాత్రమే. సికింద్రాబాద్‌లో సిస్టమ్ అసెంబుల్ చేయించాలంటే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటికి వెళతారు. అక్కడ ర్యామ్ ఎంత, డిస్కు ఎంత అని అరగంట బేరమాడే మనిషి, ఇందులో నలుగురికి నాలుగు అకౌంట్లు చేసి ఇవ్వండి అని ఒక్క మాట అడిగితే పది నిమిషాల పని.

లాగిన్‌లు వేరుచేసిన చోట కొత్తగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది, అది మనిషి పని మానేసిన రోజున బయటపడుతుంది. రైల్వే గుమాస్తా బదిలీ అయితే ఐడీ ఆగిపోతుంది, సాఫ్ట్‌వేర్, రికార్డు రైల్వే దగ్గరే ఉంటాయి. డీటీపీ సెంటర్‌లో ఆపరేటర్ వెళ్ళిపోయాక యజమాని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అతని అకౌంట్‌ను రిమూవ్ అంటే, ఆ అకౌంట్‌తోపాటు దానిలోని ఫైళ్ళు కూడా పోతాయని విండోస్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. ఎవరూ చదవని ఆ రెండు వరుసల వెనక అతను తన పేరు మీదే ఎక్కించుకున్న ఫాంట్లు, సాఫ్ట్‌వేర్, డెస్క్‌టాప్ మీద వదిలిన సగం కంపోజ్ చేసిన శుభలేఖలు ఉంటాయి. ముహూర్తం ఆదివారం.